ఆకుపచ్చ గీత

"వదినా, ఆ తాళం తీసేయండి."

ఆ మాట మనిషి నోట్లోంచి రాలేదు. కోల్డ్ రూమ్ తలుపు మీద గోడకి బిగించిన కెమెరాలోంచి వచ్చింది. మరిది మేడమీద సోఫాలో కాళ్ళు జాపుకుని ఫోన్లో మాట్లాడితే, కింద ఆ గుండ్రటి గాజుకన్ను అప్పజెబుతుంది.

పెద్దకోడలు దాన్ని ఎగాదిగా చూసింది. భుజం మీది తువ్వాలు తీసి, స్టూలెక్కి, కెమెరా మొహాన కప్పేసింది.

"నాతో మాట్లాడాలంటే మనిషివి దిగి రా బాబూ. గోడలతో మాట్లాడే అలవాటు నాకింకా రాలేదు," అంది తువ్వాలుతోనే.

తలుపుకి కొత్త తాళం ఉంది. వేలు పెడితే పచ్చదీపం వెలిగి తెరుచుకుంటుంది, మరిది మేడమీంచి ఫోను నొక్కినా తెరుచుకుంటుంది. అందుకే ఆమె పొద్దున్నే పాత సామాన్ల పెట్టె అడుగునుంచి పిడికిలంత ఇనుప తాళంకప్ప తీసుకొచ్చి దాని పైన వేసింది. దాన్ని ఏ ఫోనూ తెరవలేదు. తాళంచెవి ఆమె గుప్పిట్లో ఉంది.

బయట వ్యాన్ హారన్ మోగింది. ఇది నాలుగోసారి. లోపల అరవై రెండు పెట్టెలున్నాయి. అన్నీ పిల్లల టీకాలే. ఊళ్ళోని క్లినిక్కులకీ, చుట్టుపక్కల వాటికీ ఇక్కణ్ణుంచే వెళ్ళాలి. కింద మందుల స్టోరు, పైన ఇల్లు. మామగారి కాలం నుంచీ ఈ కుటుంబం అన్నం తింటున్నది ఈ చల్లటి గది మీదే.

చెప్పులు టపటపలాడించుకుంటూ మరిది దిగొచ్చాడు. ఇంట్లో అతణ్ణి గ్రాఫు బాబు అంటారు. ఆ పేరు పెట్టింది వదినే. ఏడాది కిందట ఈ కెమెరాలూ, సెన్సార్లూ, కరెంటు మీటరుతో మాట్లాడే మిషనూ తెచ్చిపెట్టింది అతనే. అప్పట్నుంచీ అన్నం ముందు కూర్చున్నా గ్రాఫే, మంచం ఎక్కినా గ్రాఫే.

"ఏంటి వదినా ఇది? వ్యాన్ వచ్చి ముప్పావుగంటైంది."

"వెళ్ళిపొమ్మను."

"మీకు మతి ఉండే మాట్లాడుతున్నారా?"

"ఉంది కాబట్టే తాళం వేశాను. మందు చెడిపోయింది బాబూ. ఒక్క పెట్టె కూడా గడప దాటదు."

మరిది ఫోను ఆమె కళ్ళ ముందుకి తోశాడు. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి ఈ చివర్నుంచి ఆ చివరికి పడుకుని ఉంది.

"చూడండి. ఇవాళ నాలుగు డిగ్రీలు. నిన్న నాలుగు. మొన్న నాలుగు. రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉంటే చాలంటే మనం నాలుగు దగ్గర మేకు కొట్టినట్టు నిలబెట్టాం. కంపెనీవాళ్ళు మనల్ని మెచ్చుకుంటున్నారు!"

"నాకు అనుమానం వచ్చింది అక్కడే. రోజుకి ఇరవైసార్లు తలుపు తీస్తాం, మూస్తాం. బయట ఎండ మాడ్చేస్తోంది. మనిషి నాడి కూడా అంత తిన్నగా కొట్టుకోదు."

"అనుమానం సరే. ఆధారం ఏది?"

ఆమె తన కళ్ళజోడు తీసి చూపించింది.

"ఇదిగో."

మరిది నోరు వెళ్ళబెట్టాడు. గడప దగ్గర నిలబడ్డ వ్యాన్ డ్రైవరు కూడా మెడ సాచి చూశాడు.

"పొద్దున అరగంట సేపు లోపల పెట్టెలు లెక్కపెట్టాను. బయటికొచ్చి కళ్ళజోడు తుడుచుకుందామని గుడ్డ అందుకున్నాను. తుడవడానికి అద్దం మీద ఏమీ లేదు. ఆరేళ్ళుగా ఈ గదిలోకి వెళ్ళొస్తున్నాను. బయటికి రాగానే అద్దాలు తెల్లగా మసకబారతాయి, గోడ పట్టుకుని నిలబడాలి. అందుకేగా ఇక్కడ మేకుకి గుడ్డ వేలాడదీసింది! ఇవాళ మసక లేదు. అంటే లోపల ఉండాల్సినంత చలి లేదు."

మరిది పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి ఒళ్ళు మండింది.

"ఇన్ని మిషన్లు పెట్టుకుని, మీ కళ్ళజోడు మసకబారలేదని వ్యాన్ ఆపమంటారా? బయట జనం నవ్విపోతారు వదినా!"

"నవ్వనీ. నవ్వితే ఏ పిల్లకీ జబ్బు రాదు."

మరిది ఇక ఆమెతో లాభం లేదని అన్న వైపు తిరిగాడు. ఆమె భర్త ఆ మూల ప్యాకింగ్ బల్ల దగ్గర ఒక అట్టపెట్టెకి పురికొస చుడుతున్నాడు. గంట నుంచీ అదే పెట్టె, అదే పురికొస. ఇంత రభస జరుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలా ఉన్నాడు.

"అన్నయ్యా, నువ్వైనా చెప్పు."

"నేనేం చెప్పను," అన్నాడు అతను, పురికొస వైపే చూస్తూ.

"మీరు రోజూ నాతోపాటు లోపలికొస్తారు కదండీ. చలి తగ్గిందో లేదో మీకు తెలీదా?" అంది ఆమె.

"ఎండలోంచి వెళ్తే లోపల చల్లగానే ఉంటుంది మరి."

అది అవునో కాదో తెలియని జవాబు. ఆయన నీళ్ళు నమలడం ఆమెకి కొత్త కాదు. కానీ ఇవాళ ఒక్కరోజు తన పక్కన నిలబడి ఉంటే బాగుండేదనిపించింది. గుప్పిట్లో తాళంచెవి గుచ్చుకునేదాకా బిగించింది.

మరిది ఫోను మోగింది. మందులు పంపే కంపెనీ ఆఫీసరు. ఎక్కడో పెద్ద ఊళ్ళో, పెద్ద తెర ముందు కూర్చుని ఇలాంటి గదులు ఎన్నింటినో ఒకేసారి చూస్తుంటాడు. మరిది స్పీకర్ పెట్టాడు.

"ఏంటండీ, బండి కదల్లేదని చూపిస్తోంది?"

"మా వదిన..." అని మరిది నసిగాడు.

"నేనే ఆపాను సార్. గదిలో చలి లేదు," అందామె.

"మా స్క్రీన్ మీద మీ గది పచ్చగా ఉందమ్మా. పచ్చగా ఉన్నప్పుడు సరుకు ఆపే రూలు మాకు లేదు."

"ఎర్రగా ఉన్నప్పుడు పంపే రూలు ఉందా?"

"లేదు."

"అయితే రంగు మారేదాకా ఆగండి. మారుతుంది."

ఆఫీసరు గొంతు ముదిరింది. "సాయంత్రం నాలుగింటికల్లా బండి కదలకపోతే మీ స్టోరుతో ఒప్పందం రద్దు. మీ తర్వాత వరసలో ఇంకో మూడు స్టోర్లున్నాయి." ఫోను పెట్టేశాడు.

మరిది వదిన వైపు తిరిగాడు. "విన్నారా? వదినా, అది పోతే మనం ఈ షట్టరు దించుకోవాల్సిందే."

"దించుకుందాం."

"మీకు చెప్పడం తేలికే..."

"ఏమీ తేలిక కాదు!" ఆమె గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "ఈ స్టోరు నీకెంతో నాకూ అంతే. ఆరేళ్ళుగా పొద్దున లేచి నా మొహం కంటే ముందు ఈ గది మొహం చూశాను. అయినా తాళం తీయను. ఏం చేస్తావో చేసుకో."

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి అత్తగారు దిగుతోంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, నెలకోసారైనా కిందికి రాదు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి. డాక్టర్లే ఆవిడ ముందు ఆచితూచి మాట్లాడేవారట.

ఆవిడ ఒక చేతిలో గ్లాసు నిండా ఐసు ముక్కలున్నాయి. రెండో చేతిలో దూది చుట్టిన ఒక పరికరం. దూది విప్పితే లోపల ముల్లు తిరిగే పాత థర్మామీటరు.

"టీకా చెడిందో లేదో చూస్తే తెలీదురా," అంది చిన్నకొడుకుతో. "రంగు మారదు, వాసన రాదు. సూది వేస్తాం, పిల్ల ఏడుస్తుంది, తల్లి నిశ్చింతగా ఇంటికెళ్తుంది. లోపల మాత్రం ఏమీ పనిచేయదు. జబ్బు వచ్చినప్పుడు తెలుస్తుంది."

"అమ్మా, ఆ డబ్బా ఎప్పుడో పాడైపోయుంటుంది."

"పాడైందో లేదో దాన్నే అడుగుదాం."

గ్లాసులో కాసిని నీళ్ళు పోసి కలిపింది. థర్మామీటరు కొసని అందులో ముంచింది. అందరి తలలూ గ్లాసు మీదికి వంగాయి. డ్రైవరు కూడా వచ్చి చేరాడు. ముల్లు వణికి, కిందికి జారి, సున్నా మీద ఆగింది.

"కరుగుతున్న ఐసు సున్నా. నేను నర్సునైనప్పుడూ సున్నానే, ఇప్పుడూ సున్నానే. నా డబ్బా బాగానే ఉంది. అమ్మాయ్, తలుపు తియ్."

పెద్దకోడలు గుప్పిట విప్పింది. తాళంకప్ప తీసి, వేలు పెట్టి, తలుపు లాగింది. థర్మామీటరుని మధ్య అరలో పెట్టి తలుపు మూశారు. పావుగంట. ఆ పావుగంటా మరిది గదంతా పచార్లు చేశాడు. భర్త పెట్టెకి కట్టిన పురికొస విప్పి మళ్ళీ కట్టాడు.

తలుపు తీసి చూస్తే ముల్లు పద్నాలుగు మీద ఉంది.

"ఫోను నాలుగంటోంది, ముల్లు పద్నాలుగంటోంది," అంది అత్తగారు. "నా డబ్బా అయితే ఇదిగో, ఇక్కడుంది. నీ సెన్సార్ ఎక్కడరా?"

మరిది లోపలికి పరుగెత్తాడు. బొటనవేలంత తెల్లడబ్బా అది. మధ్య అర పక్కన కొక్కేనికి వేలాడాలి. కొక్కెం బోసిగా ఉంది. అరల వెనక వెతికాడు, నేల మీద వెతికాడు. పెద్దకోడలే తలెత్తి పైకి చూసింది.

చలిగాలి వదిలే మిషను మూతి దగ్గర, సరిగ్గా ఆ ఇనుప చువ్వలకి, సెన్సార్ కట్టేసి ఉంది.

ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. మిషను ఊదిన చలి ముందు దానికే తగులుతుంది. అది 'నాలుగు, నాలుగు' అని కబురు పెడుతుంది. చాలు కాబోలనుకుని మిషను పడుకుంటుంది. గది వేడెక్కుతుంది. తెర మీద గీత మాత్రం పచ్చగానే ఉంటుంది.

"నేను కాదు వదినా!" మరిది గొంతు పీలగా వచ్చింది. "ఒట్టు. నేను దాన్ని ముట్టుకోలేదు. బిగించినవాడు కొక్కేనికే పెట్టి వెళ్ళాడు, నా కళ్ళతో చూశాను."

ఆమె స్టూలు తెచ్చుకుని ఎక్కింది. సెన్సార్ని కట్టింది పురికొసతో. రెండు మెలికలు వేసి, కొసని వెనక్కి తిప్పి లోపలికి దోపిన ముడి. ఈ స్టోరు నుంచి బయటికి వెళ్ళే ప్రతి పెట్టె మీదా అదే ముడి ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఆ ముడి నేర్చుకోబోయి వారం రోజులు తంటాలు పడింది ఆమె. చేతకాలేదు. పక్కన నిలబడి ఒకాయన నవ్వాడు.

ముడి విప్పలేదు. మెల్లగా దిగింది. బయటికి వచ్చింది.

భర్త బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పురికొస సగం విడిపోయి వేలాడుతోంది.

"ఎప్పుడు కట్టారు?"

అతను తల దించుకున్నాడు.

"మిమ్మల్నే. ఎప్పుడు?"

"నువ్వే అన్నావుగా."

"నేనా?"

"నీకు జ్వరం వచ్చినప్పుడు. మూడు రోజులు లేవలేదు నువ్వు. తలుపు తీసినప్పుడల్లా ఆ ఫోను కుయ్యోమని అరిచేది. నీ నంబరేగా అందులో ఇచ్చింది. కన్ను మూతపడేసరికి అరుపు. లేచి, గోడ పట్టుకుని వచ్చేదానివి. 'ఈ మోత ఆపే మనిషే లేడా ఈ ఇంట్లో' అన్నావు." "అక్కడ కడితే అరవడం మానేసింది. నువ్వు పడుకున్నావు."

ఆమెకి ఏడుపొచ్చింది. దాని వెంటే కోపం కూడా తన్నుకొచ్చింది. తన నిద్ర కోసం ఇంత పని చేసిన మనిషిని ఏమనాలో తెలియలేదు. ఆ నిద్ర ఇప్పుడు ఒంటి మీద తేళ్ళలా పాకుతోంది.

"గది వేడెక్కుతుందని తెలీదా మీకు?"

"తెలీదు. మోత ఆగిందనే అనుకున్నాను. పొద్దున బయటికి రాగానే నువ్వు నాతో కళ్ళజోడు సంగతి చెప్పావే, అప్పుడు తట్టింది."

"పొద్దున అంటే గంటన్నర అయింది."

అతను చేతిలోని పురికొసని వేళ్ళకి చుట్టుకున్నాడు.

"గంటన్నర నుంచీ మీ తమ్ముడు నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నాడు. ఆ ఆఫీసరు బెదిరించాడు. మీకు తెలుసు. తెలిసి నన్నొక్కదాన్నే ఈ తలుపు ముందు నిలబెట్టారు."

ఆ మాటకి అత్తగారు కూడా పెద్దకొడుకు వైపు చూడలేక మొహం తిప్పుకుంది.

మరిది గోడ మీది పటం వైపు చూస్తున్నాడు. కరెంటు ఆదా చేసినందుకు కరెంటు కంపెనీవాళ్ళు పోయిన వారమే ఇచ్చిన ప్రశంసాపత్రం అది. మూడోవంతు వాడకం తగ్గిందని, తన మిషను తెలివి అదని, ఊరంతా చెప్పుకున్నాడు.

"పడుకున్న మిషను కరెంటు తినదు కదరా," అంది తల్లి. దెప్పిపొడుపుగా అనలేదు, అలిసిపోయి అంది.

పెద్దకోడలు వేళ్ళ మీద లెక్కపెడుతోంది. జ్వరం వచ్చి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. మేకుకి వేలాడుతున్న గుడ్డని ముట్టుకుంది. అది ఎండి, అప్పడంలా బిరుసెక్కి ఉంది. ఇరవై మూడు రోజులుగా దానికి అద్దాల తడి తగల్లేదు. ఇన్నాళ్ళూ గడియారం చూసుకుంటూ నిమిషంలో లోపలికెళ్ళి నిమిషంలో బయటికొచ్చింది. అద్దాలు ఎందుకు మసకబారడం లేదని ఒక్కసారైనా అనుకోలేదు. మోత లేదు కదా, గీత పచ్చగా ఉంది కదా అని తనూ హాయిగానే ఉంది.

"ఈలోగా ఎన్ని వ్యాన్లు వెళ్ళాయి?" అంది.

"మూడు," అన్నాడు డ్రైవరు గడప దగ్గర్నుంచి. "మూడూ నేనే తీసుకెళ్ళానమ్మగారూ."

ముందు తేరుకున్నది మరిదే. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వదినా, మీరే గెలిచారు. ఒప్పుకుంటున్నా. ఈ అరవై రెండు పెట్టెలూ పారేద్దాం. మిషను చెడిందని ఆఫీసరుకి నేనే చెప్తాను. సెన్సార్ కొక్కేనికి పెట్టేద్దాం. అంతటితో సరి."

"వెళ్ళినవి?"

"వాటి రికార్డు శుభ్రంగా ఉంది. నెలంతా నాలుగే. మన దగ్గర తప్పు జరిగిందని ఏ తెర మీదా లేదు. ఎవరూ అడగరు."

"నేను అడుగుతున్నానుగా."

ఆమె తన ఫోను అందుకుంది. "డెలివరీ పుస్తకం ఎక్కడుంది?"

"ఒక్క ఫోను చేశారంటే ఈ స్టోరు ఉండదు! అన్నయ్య జైలుకి పోతాడు, తెలుసా? మీ మొగుడు!" అని అరిచాడు మరిది. "చెప్పేది వినకపోతే తలుపు యాప్‌లోంచి మీ వేలిముద్ర తీసేస్తాను. రేపట్నుంచి మీరు ఇందులో అడుగుపెట్టలేరు."

"తీసెయ్," అందామె. "నా వేలు నాతోనే ఉంటుంది. నంబరు నొక్కడానికి చాలు."

పుస్తకం కోసం చుట్టూ చూసింది. అది ఆమె ముందుకి వచ్చింది. భర్త తెచ్చాడు. ఇరవై మూడు రోజుల కిందటి పేజీ తెరిచి, బల్ల మీద పెట్టి, మొదటి నంబరు కింద వేలుంచాడు. ఆ వేలు తీయలేదు.

"ముందు నా పేరు చెప్పు," అన్నాడు. "కట్టింది నేనని చెప్పు."

ఆమె అతని మొహంలోకి ఒక్కసారి చూసి, నంబరు నొక్కింది. వీధి చివరి పిల్లల క్లినిక్. నాలుగుసార్లు మోగాక నర్సు ఎత్తింది. వెనక చంటిపిల్ల ఎవరో గుక్కపట్టి ఏడుస్తోంది.

"స్టోరు నుంచా అమ్మా? మంచి టైంకి చేశారు. మీరు పంపినవి నిన్నటితో అయిపోయాయి. నలభై మంది పిల్లలకి వేశాం. ఇవాళ పెట్టె వస్తుందని తల్లులంతా వచ్చి కూర్చున్నారు."

మరిది తన ఫోను నొక్కాడు, తలుపు మీది పచ్చదీపం ఎర్రగా మారింది. ఆమె అటు చూడలేదు. స్టూలు లాక్కుని తలుపుకి అడ్డంగా కూర్చుంది.

"వాళ్ళని వెళ్ళిపోనివ్వకండి సిస్టర్. ఆ నలభై మంది పేర్లూ తీయండి. నేను చెప్పేది అక్కడున్న తల్లులందరికీ వినబడేలా ఫోను స్పీకర్లో పెట్టండి," అంది.